చీకటిలో గీసిన కొంగు ఎవరిది?

కష్టములోనుండియే కళ పుట్టునని మన సభలలో తరచు చెప్పుచుందురు. అట్లు చెప్పువారిలో మగ్గము గుంటలో కాలు పెట్టినవారు తక్కువ. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. ఆ నిజమెంతో, అందులో మన యిండ్లకు దక్కినదెంతో విచారించుటకే ఈ నాలుగు మాటలు.

2012వ సంవత్సరపు చలికాలము సేలము, ఈరోడు, కోయంబత్తూరు ప్రాంతములందలి మన కుటుంబములకు ఇంకను జ్ఞాపకమున్నది. తమిళనాట గాలిమరల కరెంటు జూన్ మొదలు సెప్టెంబరు వరకు బాగుగా వచ్చును; అక్టోబరు వచ్చుసరికి గాలి తగ్గును. ఆ యేడు అసలే సుమారు 4,000 మెగావాట్ల కొరత. చెన్నపట్నమునకు రోజుకు 2 గంటల కోత పెట్టగా, జిల్లాలలో పది, పన్నెండు గంటలు, కొన్ని దినములలో అంతకు మించియు కోత పడినది. మరమగ్గములు నిలిచినవి సరే, చేతిమగ్గమునకు కరెంటుతో పనియేమని అడుగువారు కలరు. ఈశాన్య ఋతుపవనపు మబ్బులు, పదకొండున్నర గంటల పగలు. సాయంత్రము ఐదు దాటినచో ఇంటిలోపల పోగు కనబడదు. తెగిన పోగును దీపము లేక పన్నెలో ఎక్కించుట కళ్ళను అమ్ముకొనుటయే. వాన ముదిరినచో గుంటలో ఊట చేరును, గంజి పెట్టిన పడుగు ఆరదు. కూలి నేసిన చీరకే గాని, ఊరక కూర్చున్న దినమునకు రాదు.

అయినను చేతులు ఊరకుండలేదు. నేనెరిగిన ఒక యింటిలో అత్తాకోడండ్రు వాకిట కూర్చుండి పాత చీరల అంచులు చూచి, పోగులు లెక్కించి, గడి గడిగా గ్రాఫు కాగితమునకు ఎక్కించిరి. రాత్రివేళ లాంతరు వెలుగున పడుగు నీడ గోడపై వంగి పడుట చూచి కోడలు ఒక అంచు గీసినది. నిలువు గీతలు మధ్యలో సన్నగిల్లి మరల దగ్గరకు వచ్చును. "ఇది అంచునకు పనికిరాదే, కొంగుకు పెట్టు" అని అత్తగారన్నది. ఆమె మాటయే సరియైనది. ఆ గీతకు అంచు వెడల్పు చాలదు.

చీకటిని మెచ్చుకొనువారు ఇంకొక సంగతి గమనించవలెను. పసుపు బల్బు క్రింద ముదురు నీలము నలుపువలె తోచును. దీపము క్రింద ఒకటిగా కనబడిన రెండు ఎరుపులు ఎండలో వేరైపోవును. రాత్రి జత చేసిన రంగులను తెల్లవారి చూచి నాలుక కరచుకొనని నేతగాడు లేడు. కరెంటు పోయినందున రంగులు ఎంచెడి పని వాకిటికి, పగటి వెలుగునకు వచ్చినది. దానితో కూడ తీరికయు వచ్చినది. నెలకు ఇన్ని చీరలని లెక్క కట్టుకొని నేయువారికి కొత్త బుటా ఆలోచించుటకు వేళ యెక్కడిది? ఆ తీరిక ఆకలిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆకలి లేకుండ వచ్చియున్నచో గీత ఇంకను బాగుండెడిదనియే నా అభిప్రాయము. కళకు పేదరికము కావలెనని వాదించువారు ఒక నెల తమ యింటి దీపమార్పి చూతురుగాక.

ఇక అసలు సంగతి. గ్రాఫులోని ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. మూడువందల పేకల బుటాకు మూడువందల అట్టలు కొట్టవలెను. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు అను నాతడు ఈ సాధనమును చేసినది మొదలు అందులో సౌకర్యమును, ప్రమాదమును కలిసియే యున్నవి. అట్టల కట్ట చేత చిక్కినచో నమూనా అంతయు చిక్కినట్లే. పైన చెప్పిన కొంగునకు అట్టలు కొట్టించిన కొలది నెలలకే అది మరమగ్గపు చీరలపై బజారులో కనబడినది. ఎవరు తీసికొనిరో ఇచట వ్రాయబోను. గీసిన యింటికి ఒక్క రూపాయి ముట్టలేదు.

1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము కొన్ని రకముల బట్టలను మరమగ్గముపై నేయరాదనును గాని, ఒక యింటి గీతను కాపాడుట దాని పని కాదు. కంచి పట్టునకు, షోలాపురపు చద్దరునకు వచ్చిన భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడును. గీసిన చేతిని కాదు. గీసినవారికున్న దారి 2000 సంవత్సరపు డిజైనుల చట్టము. కొత్త నమూనాను నమోదు చేసికొన్నచో పదేండ్లు, రుసుము కట్టి పొడిగించుకొన్నచో మరి ఐదేండ్లు హక్కుండును. అయితే నమోదునకు దరఖాస్తు పెట్టక ముందు నమూనా బయటపడరాదు. మనవారు చీర నేసి, అమ్మి, నకలు వచ్చిన పిమ్మట మేల్కొందురు.

దరఖాస్తు వ్రాయుట, బొమ్మలు జతపరచుట, రుసుము కట్టుట ఒంటి మగ్గపు కుటుంబము వల్ల కాదు. షోలాపురము మొదలు బరంపురము వరకు గల మన సంఘములు ఆ పనిని పైన వేసికొనవలెను. నమూనా గీసిన దినములకు నేతకూలితో సమానముగా కూలి ఇచ్చుట సహకార సంఘముల పద్దులలో చేరవలెను. డబ్బెక్కడిదని కోశాధికారులడుగుదురు. వార్షికోత్సవములలో శాలువలకు, పూలదండలకు ఎంతైనదో ఆ పుస్తకములోనే చూచుకొనవచ్చును.

రాబోవు కార్యవర్గ సమావేశమున దీనిని చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాను. ఈలోగా ఇండ్లలో గీసిన ప్రతి కాగితముపైన గీసినవారి పేరు, తేదీ వేయుడు. కోడలు గీసినచో కోడలి పేరే వేయవలెను, ఇంటి యజమానిది కాదు. అట్టలు కొట్టుచోటికి నకలు మాత్రమే పంపి, అసలు కాగితము ఇంటనే ఉంచుకొనుడు.