తప్పు కోడ్‌ది కాదు, గడియారానిది

బిల్డ్ ఫెయిలైతే చాలు, వేళ్లన్నీ ప్రోగ్రామర్ వైపే. యూనిక్స్ సర్వర్లలో అసలు దోషి ఒక్కోసారి వేరే చోట ఉంటుంది.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన 'మేక్' అనే బిల్డ్ టూల్, ఫైల్లో ఏముందో చూడదు, ఎప్పుడు మారిందో చూస్తుంది. సోర్స్ కంటే ఆబ్జెక్ట్ ఫైలు కొత్తదైతే కంపైల్ చేయకుండా వదిలేస్తుంది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఎన్ఎఫ్ఎస్)తో ఫైళ్లొక చోట, కంపైలర్ మరోచోట ఉండడం మామూలైంది. చిక్కు అక్కడే. సోర్స్ సర్వర్‌లో, ఆబ్జెక్ట్ లోకల్ డిస్క్‌లో ఉన్నాయనుకుందాం. సర్వర్ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే, కంపైల్ అయిన రెండు నిమిషాల్లోపు దిద్దిన ఫైలు కూడా పాతదిగానే కనిపిస్తుంది. బగ్ సరిచేసినా పాత ప్రోగ్రామే నడుస్తుంది!

సర్వర్ గడియారం ముందుంటే గ్నూ మేక్ 'క్లాక్ స్క్యూ డిటెక్టెడ్' అని హెచ్చరిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

దీనికితోడు క్యాషింగ్. లైనక్స్ ఎన్ఎఫ్ఎస్ క్లయింట్ ఫైలు వివరాలను మామూలుగా 3 నుంచి 60 సెకన్ల వరకు గుర్తుంచుకుంటుంది. పక్క యంత్రంలో మారిన ఫైలు ఇక్కడ కాసేపు మారనట్టే ఉంటుంది.

ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ చెరిపేసి మళ్లీ బిల్డ్ చేయడం తాత్కాలిక ఉపశమనమే. ముందు రెండు యంత్రాల్లోనూ 'డేట్' కమాండ్ కొట్టి చూడండి. తేడా ఉంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ (ఎన్‌టీపీ)తో గడియారాలు కలపండి. కోడ్‌ను తప్పుపట్టడం ఆ తర్వాతే.