ష్రామ్ సరే, సర్పంచ్ ఏడీ?

మా వీధిలో ఒకమ్మాయి జర్నలిజం డిగ్రీలో చేరింది. పత్రికలో పనిచేసినవాణ్ణి కదా అని మొన్న సిలబస్ తెచ్చి చూపించింది. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. చెప్పినా లాభం లేదు, ఒకదాన్ని చూసి ఇంకొకటి దించుకున్నట్టే ఉంటాయి అన్నీ. చూసినప్పట్నుంచీ ఒళ్లు మండుతోంది.

మొదటి సెమిస్టర్ నిండా సిద్ధాంతాలే. 1948 నాటి లాస్వెల్ సూత్రం, షానన్-వీవర్ నమూనా, విల్బర్ ష్రామ్ వలయాలు. షానన్ పాపం బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో లెక్కలు చేసుకున్న మనిషి. సంకేతం రొదలో కొట్టుకుపోకుండా తీగ దాటించడం ఎలాగన్నది ఆయన గొడవ. ఆ బొమ్మను మన పిల్లలు స్కేలు పెట్టి గీసి మార్కులు తెచ్చుకుంటున్నారు. గీయనివ్వండి, నష్టం లేదు. మరి పహాణీ చదవడం ఎవరు నేర్పుతారు? ఆంధ్రాలో అడంగల్? తెలంగాణలో ధరణి పోయి భూభారతి వచ్చింది. జిల్లా పేజీల్లో తగాదాలన్నీ చివరికి భూమి దగ్గరికే వస్తాయి. సర్వే నంబరుకూ ఖాతా నంబరుకూ తేడా తెలియని పట్టభద్రుడు ఆ వార్త ఎలా రాస్తాడు? తహసీల్దారు చెప్పింది రాసుకొస్తాడు.

చట్టాల పేపరు ఉంది, లేదనను. 'సమాచార హక్కు చట్టం, 2005 ముఖ్య లక్షణాలు వివరించండి' అని అడుగుతారు. వివరించడమెందుకండీ, ఒక దరఖాస్తు పెట్టించండి! గ్రామ స్థాయిలో ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే అప్పీలు, అదీ ఒక పాఠమే. సెమిస్టరు అయ్యేలోపు ప్రతి విద్యార్థి చేతిలో ఒక కాగితం, దాని మీద ఒక వార్త ఉంటాయి. అలాగే పోక్సో కేసులో పిల్ల పేరే కాదు, బడి పేరు, ఊరి ఆనవాలు కూడా బయటపెట్టకూడదన్న సంగతి. దాన్ని ఒక యూనిట్ చివర రెండు పంక్తుల్లో తేల్చేశారు. ఆ రెండు పంక్తులు తెలియకే రోజూ ఎక్కడో ఒకచోట 'బాధితురాలి ఇంటి' ఫొటో అచ్చవుతోంది.

సురవరం ప్రతాపరెడ్డికి జర్నలిజం డిగ్రీ ఉందా అని అడిగేవాళ్లు నాకు దొరుకుతూనే ఉంటారు. ఆయన 1926లో గోలకొండ పత్రిక పెట్టేనాటికి ఇక్కడ ఆ చదువే లేదు. ఉస్మానియాలో శాఖ తెరిచింది 1954లో. చదువు వద్దని నేననడం లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈనాడు లాంటి పత్రికలు సొంతంగా బడి పెట్టుకుని మొదట్నుంచీ నేర్పుకోవాల్సి వస్తోందెందుకని అడుగుతున్నాను. అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం 1908లో పాఠాలు మొదలుపెట్టిన రోజే విద్యార్థుల చేత దినపత్రిక తెప్పించింది. మన దగ్గర ల్యాబ్ జర్నల్ అంటారు. న్యాక్ బృందం వస్తోందంటే ఒక సంచిక వేస్తారు.

ఇక ఇంటర్న్‌షిప్. పిల్లలందరూ హైదరాబాద్ ఆఫీసుల్లో ఏసీ గదికే ఎగబడతారు. వార్త పుట్టేది అక్కడా? మండలంలో. తెచ్చేది కంట్రిబ్యూటర్. అతనికి నియామక పత్రం ఉండదు, జీతం ఉండదు. లైన్ అకౌంట్ అని అచ్చయిన వార్తను సెంటీమీటర్ల లెక్కన కొలిచి ఏదో విదిలిస్తారు. అది పెట్రోలుకు చాలదు. పైగా ఉగాదికి, ఆగస్టు 15కి, పత్రిక వార్షికోత్సవానికి ప్రకటనల టార్గెట్. ఆ ప్రకటన ఎవరినడుగుతాడు? సర్పంచిని, కాంట్రాక్టరును, రైసుమిల్లు యజమానిని. తెల్లారి వాళ్లమీదే వార్త రాయాలి. నీతి, విలువలు అనే పేపరులో ఈ మనిషి ప్రస్తావన ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. జాన్ స్టూవర్ట్ మిల్ ఉన్నాడు.

అక్రిడిటేషన్ కార్డు ఇస్తున్నాం, బస్‌పాసు ఇస్తున్నాం అని ప్రభుత్వాలు చెప్పుకుంటాయి. యాజమాన్యాలను మాత్రం జీతమేదని ఏ ప్రభుత్వమూ అడగదు. జర్నలిస్టు సంఘాలు గట్టిగా అడగొచ్చు. వాటికి ఇళ్ల స్థలాల నుంచి తీరికేదీ?

సిలబస్ కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో గానీ, నాదొక మనవి. ఒక సెమిస్టరులో ఆరు వారాలు విద్యార్థిని మండల విలేకరికి అప్పగించండి. గ్రామసభకూ, కోర్టు వాయిదాకూ, పోస్టుమార్టం గది బయటికీ అతనితో తిరగాలి. మార్కులు అతనే వేయాలి. ఆ ఆరు వారాలకు అతనికి గౌరవ వేతనం విశ్వవిద్యాలయమే చెల్లించాలి. పత్రిక ఎలాగూ ఇవ్వదు.