గృహవైద్యము: మందు మొదలుపెట్టిన పిల్లవాని దినచర్య పుస్తకము

విశాఖపట్టణమున సీతమ్మధారనుండి ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమారునకు తొమ్మిదవ యేడు. వానికి ఏ.డి.హెచ్.డి. యనబడు అవధానలోపము, అతిచాంచల్యము కలవని వైద్యుడు నిర్ణయించి, మిథైల్‌ఫెనిడేట్ అను మాత్ర నిచ్చి మూడు వారములైనది. సాయంకాల మగుసరికి పిల్లవాడు మునుపటికంటె ఎక్కువ చిరాకు పడుచున్నాడట. ఉక్కు కర్మాగారమున షిఫ్టులలో పనిచేయు తండ్రికి ఏ మార్పును కనబడలేదట. అత్తగారు మందు మానిపింపుమనుచున్నారట. ఏమి చేయుదునని ప్రశ్న.

మానుటయో, మార్చుటయో వైద్యుడు చెప్పవలసిన మాట. కాని ఆయనకు ఆధారమేమి? ఆయన గదిలో పిల్లవాడు కొద్ది నిమిషములు కుదురుగానే కూర్చుండవచ్చును. తక్కినదంతయు తల్లి చెప్పిన మాటయే. మన జ్ఞాపకమా, దినమంతటిలో కడపటి జగడమును మాత్రమే పదిలముగా దాచుకొనును.

ఇక్కడ గడియారమును చూడవలెను. ఈ మాత్రలలో సామాన్యమైనది సుమారు 4 గంటలు పనిచేయును. మెల్లగా కరగునట్లు చేసినవి, రకమునుబట్టి 8 మొదలు 12 గంటలవరకు పనిచేయును. ఉదయము బడికి పోవునపుడు వేసినచో ఆ బలమంతయు బడిలోనే చెల్లిపోవును. తండ్రి మధ్యాహ్నపు షిఫ్టులో నున్న వారమున పిల్లవానిని చూచునది మాత్ర పనిచేయకముందు; ఆయన వచ్చుసరికి వాడు నిద్రపోవును. తల్లియు, నాయనమ్మయు చూచునది మందు దిగిపోయిన పిదప. ముగ్గురును సత్యమే చెప్పుచున్నారు. కాని మందు పనిచేయు వేళ పిల్లవానిని చూచినవారు ముగ్గురిలో ఒక్కరును లేరు!

మందు దిగునపుడు కొంతసేపు చిరాకు, ఏడుపు కలుగుట వైద్యు లెరిగినదే. వేళ మార్చియో, రకము మార్చియో వారు దానిని సరిదిద్దగలరు. అయితే "సాయంకాలము పేచీ" యన్నచో వారికి చాలదు. "నాలుగున్నర మొదలు ఆరువరకు" అన్నచో చాలును. అందుకే ఒక నోటుపుస్తకము పెట్టుడని మేము చెప్పుచున్నాము.

(ఈ మందును 1944లో స్విట్జర్లండునందు సీబా కంపెనీ రసాయనశాస్త్రజ్ఞుడు లియాండ్రో పనిజోన్ తయారుచేసెను. భార్య ముద్దుపేరు రీటా. రిటాలిన్ అను పేరు దానినుండి వచ్చినది.)

అమెరికాలో 1999లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధన యొకటి కలదు. 579 మంది పిల్లలను 14 నెలలు గమనించిరి. బయటి వైద్యులయొద్ద మామూలు చికిత్స పొందినవారిలోను చాలమంది మందు పుచ్చుకొన్నవారే. అయినను నెలనెల పిలిచి, ఉపాధ్యాయుల మాటయు తెలిసికొని, మోతాదు దిద్దిన పిల్లలకు వారికంటె ఎక్కువ గుణము కనబడెను. మోతాదులలోను భేదముండెను గాని, కనిపెట్టి చూచుటయు చికిత్సలో భాగమేయని మా యభిప్రాయము.

పుటకు ఒక దినము చాలును. మాత్ర వేసిన గంట, రాత్రి పడుకొన్న గంట, నిజముగా నిద్రపట్టిన గంట వ్రాయుడు. కారేజీలో ఎంత అన్నము తిరిగివచ్చెనో వ్రాయుడు. ఈ మందువలన మధ్యాహ్నపు టాకలి మందగించును. కావున మాత్రకు ముందే కడుపునిండ ఇడ్లీయో, ఉప్మాయో పెట్టి, రాత్రి ఆకలి తిరిగివచ్చినపుడు మరల పెట్టవలెను. ఇంగ్లండు వైద్యుల నియమములనుబట్టి పదేండ్లలోపు పిల్లలకు 3 నెలల కొకమారు బరువు, 6 నెలల కొకమారు ఎత్తు చూడవలెను. నాడి, రక్తపోటు వైద్యుడు చూచును.

"నేడు బుద్ధిగా నున్నాడు" అని వ్రాయుట వృథా. ఐదు లెక్కలు చేయునంతలో ఎన్నిమారులు లేచెను? పెన్సిలుపెట్టె బడిలో మరచెనా? ఇట్టివి రెండో మూడో ఏర్పరచుకొని ప్రతిదినము వానినే లెక్కించుడు. ఉపాధ్యాయినిని పెద్ద వ్యాసము వ్రాయుమని కోరకుడు, ఆమెకు ఎందరో పిల్లలు! వారమున కొకమారు సున్న మొదలు మూడువరకు ఒక అంకె వేయుమన్నచో కాదనరు. మందుకు ముందు స్థితి వ్రాసి యుంచలేదని మన సోదరి చింతించుచున్నారు. గడచిన నెలల బడిపుస్తకములు తీసి చూడుడు. సగములో విడిచిన పంక్తులే సాక్ష్యము.

జ్వరము వచ్చిన దినము, పరీక్షలు, చుట్టముల రాక, చందనోత్సవమునకై తెల్లవారకముందే లేచి సింహాచలము వెళ్లిన దినము గుర్తు పెట్టవలెను. లేనిచో ఆనాటి అలసట మందు నెత్తిన పడును. ఇది షెడ్యూలు ఎక్స్‌లో చేరిన మందు గనుక అన్ని దుకాణములందు దొరకదు. దొరకక మానిన దినములును వ్రాయుడు. ఆటమాక్సెటిన్ అను వేరొక మందు ఇచ్చినచో గుణము తెలియుటకు కొన్ని వారములు పట్టును. పది దినములకే తీర్పు చెప్పరాదు.

ముఖ్యమైన దొకటి. పిల్లవాడు ఉలుకు పలుకు లేక మూల కూర్చున్నచో ఇంటివారు సంతోషింతురు. సంతోషింపరాదు. అది మోతాదు ఎక్కువయిన గుర్తు కావచ్చును. కావున పుటలో ఒక పంక్తి వానిదే. "నేడు నీకెట్లుండెను?" అని అడిగి, వాడు చెప్పిన మాటలే వ్రాయుడు. "ఆడుకోవాలనిపించలేదు" అన్నచో ఆ మాట వైద్యునికి తప్పక చేరవలెను. మూర్ఛ, గుండెనొప్పి, చచ్చిపోవుదునను మాట వచ్చినచో పుస్తకముతో పనిలేదు, తక్షణమే ఆస్పత్రికి పోవలెను. మరియు ఆ పుస్తకమును చుట్టములయెదుట చదువకుడు. అది పిల్లవానిపై నేరపత్రము కాదు.

సీతమ్మధార సోదరి మందు మానక, రెండు వారములు ఇట్లు వ్రాసి వైద్యునకు చూపవలెను. చిరాకు మితిమీరినచో అంతవరకు ఆగక ముందే చూపవచ్చును. సాయంకాలపు గడిమాత్రము అత్తగారిచేతనే వ్రాయింపుడు. ఆ వేళ పిల్లవానిని ఎక్కువగా చూచునది ఆమెయే కదా.