సంగీతం మేష్టరుకి పాఠం చెప్పేదెవరు?

బళ్ళో టైంటేబిలు వేసేటప్పుడు లెక్కలకీ, ఇంగ్లీషుకీ పొద్దుటిపూట పీరియడ్లు పోగా, మిగిలిన మూలల్లో సర్దేది సంగీతాన్ని. వానలకి సెలవులిచ్చి పాఠాలు వెనకబడితే మొట్టమొదట యెగిరిపోయేదీ అదే. అయినా వార్షికోత్సవం నాడు కలెక్టరుగారు వేదిక యెక్కేసరికి ప్రార్థన పాడించడానికి మాత్రం సంగీతం మేష్టరే కావాలి! ఆవేళ పిల్లలు శ్రుతి తప్పితే ఆ మాట ఆయనకే తగులుతుంది. ఏడాది పొడుగునా ఆయన పీరియడ్లు యెవరు పుచ్చుకున్నారో యెవరూ అడగరు.

లెక్కల మేష్టరుకి తోడు మరో యిద్దరు లెక్కల మేష్టర్లుంటారు. సంగీతానికి బడి మొత్తానికి ఒక్కరే. తన పాఠం బాగుందో లేదో చెప్పగల మనిషి ఆ ప్రహరీగోడ లోపల వుండడు. హెడ్మాష్టరుగారు వచ్చి కూర్చున్నా, పిల్లలు అల్లరి చెయ్యకుండా వున్నారా అనే చూస్తారు. సంగీతం క్లాసులో చప్పుడే పాఠమని ఆయనకి చెప్పేదెవరు?

యీ చిక్కు మనదొక్కరిదే అనుకోకండి. అమెరికాలో దీన్ని గురించి రెండువందల యేళ్ళుగా తంటాలు పడుతున్నారు. న్యూజెర్సీలోనో, డల్లాసులోనో మనవళ్ళున్న తాతగార్లకి కొంత అనుభవమే. నాలుగో, అయిదో తరగతికి వచ్చేసరికి మనవడు బళ్ళోనుంచి వయొలినో, క్లారినెట్టో మోసుకొస్తాడు. ఫోనులో ఆ కీచుధ్వని వినిపించి మురిసిపోతారు. ఆ వాయిద్యం వాడి చేతికి రావడానికి వెనుక ఒక ఉద్యోగి వున్న సంగతి మనకి తట్టదు.

అక్కడ బళ్ళని నడిపేవి స్కూలు డిస్ట్రిక్టులనే స్థానిక సంస్థలు. చాలా డిస్ట్రిక్టుల్లో సంగీతం కోసం ప్రత్యేకంగా సూపర్వైజరు వుంటారు. మేష్టర్లని యెంపిక చెయ్యడం, వాయిద్యాల లెక్క చూడడం, విరిగినవి బాగు చేయించడం, పీరియడు పోకుండా కాపాడడం, బడ్జెట్టు దగ్గర వాదించడం అన్నీ ఆ మనిషి పనులే. నిన్నటిదాకా పిల్లలచేత పాడించిన మేష్టరే ఆ కుర్చీలో కూర్చుంటారు. పాడించడం వచ్చినంతమాత్రాన పద్దులు రాయడం వస్తుందా? అందుకే యీ ఉద్యోగులకి కూడా ఒక బడి కావలసి వచ్చింది.

ఆ కథ బోస్టన్ నగరంలో మొదలవుతుంది. లోవెల్ మేసన్ అనే ఆయన పిల్లలందరూ పాడగలరని నిరూపించడానికి 1837–38లో ఒక బళ్ళో యేడాదిపాటు జీతం లేకుండా సంగీతం చెప్పాడు. అది చూసి 1838లో నగరం వారు సంగీతాన్ని పాఠ్యాంశంగా వొప్పుకున్నారు. అంతకు ముందే ఆయన బోస్టన్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో మేష్టర్లకి వేసవి తరగతులు మొదలుపెట్టాడు. పిల్లలకి చెప్పించాలంటే ముందు చెప్పేవాళ్ళకి నేర్పాలని ఆయనకి తెలుసు.

తరవాత 1907 ఏప్రిల్‌లో మిసిసిపీ నది వొడ్డున కియోకక్ అనే చిన్న వూళ్ళో ఒక సభ జరిగింది. ఆ వూరి సంగీతం సూపర్వైజరు ఫిలిప్ హేడెన్, లయ నేర్పే తన పద్ధతిని వచ్చి చూడండని తనవంటి ఉద్యోగులని పిలిచాడు. సుమారు నూరుమంది రైళ్ళెక్కి వచ్చారు. సభకి అధ్యక్షత వహించినది మిల్వాకీ నగరపు సూపర్వైజరు ఫ్రాన్సెస్ ఇలియట్ క్లార్క్ అనే ఆవిడ. యీవిడే 1911లో విక్టర్ గ్రామఫోను కంపెనీలో చేరి, బళ్ళకోసం రికార్డులు తయారు చేయించింది. ఆనాటి సభ నుంచి పుట్టిన సంఘమే నేటి నేషనల్ అసోసియేషన్ ఫర్ మ్యూజిక్ ఎడ్యుకేషన్. ఒంటరిగా పనిచేసేవాళ్ళు ఒకచోట కూర్చుని, “మీ వూళ్ళో మీరేం చేస్తున్నారు?” అని అడగడంతోనే అంత సంస్థ మొదలయింది.

అయితే సంఘాలుంటే కష్టాలు రావనుకోకూడదు. 1978లో కాలిఫోర్నియా వోటర్లు ఇంటి పన్నులకి గట్టి కట్టడి పెట్టారు. బళ్ళకి రాబడి తగ్గింది. కత్తెర చేతికి తీసుకోగానే ముందు కనిపించింది సంగీతం. చాలాచోట్ల మేష్టర్లూ పోయారు, వాళ్ళకోసం మాట్లాడవలసిన సూపర్వైజర్లూ పోయారు. ఉన్నవాళ్ళింట్లో పిల్లలు డబ్బిచ్చి నేర్చుకున్నారు. లేనివాళ్ళింట్లో పిల్లలకి ఆ తలుపు మూసుకుపోయింది. బళ్ళో సంగీతం పోవడమంటే అసలు నష్టం యిదీ.

అందువల్లనే యిప్పుడు యీ ఉద్యోగులకిచ్చే శిక్షణలో రాగతాళాలతోపాటు కూడికలూ తీసివేతలూ వుంటాయి. ఒక లెక్క చూడండి. బ్యాండు క్లాసులో ఒకే మేష్టరు దగ్గర అరవైమంది పిల్లలున్నారనుకుందాం. పొదుపుకోసం ఆయన్ని తీసేశారు. ఆ గంటలో ఆ అరవైమందినీ యెక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కదా! క్లాసుకి ముప్ఫైమంది చొప్పున యిద్దరు మేష్టర్లు కావాలి. ఒక జీతం మిగులుద్దామని రెండు జీతాలు నెత్తిన వేసుకున్నట్టయింది. యీ లెక్క బోర్డు ముందు చెప్పగలిగినవాడు పదిమంది మేష్టర్లని నిలబెడతాడు. “సంగీతం దైవస్వరూపం” అని వూరుకుంటే దండం పెట్టి పంపించేస్తారు.

నేర్చుకోవలసినవి యింకా వున్నాయి. ఉపాధ్యాయుల శిక్షణ రోజున అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి చదువుల పరీక్షల గురించి చెబుతారు. సంగీతం మేష్టరు గడియారం చూస్తూ కూర్చుంటాడు. తెలివైన సూపర్వైజరు ఆ రోజు తన మేష్టర్లందరినీ విడిగా ఒకచోట చేర్చి, ఒకరి పాఠం మరొకరిచేత వినిపిస్తాడు. కొత్తగా చేరినవాళ్ళకి అనుభవమున్న మేష్టరుని తోడిస్తాడు. తానూ యేటా తోటివాళ్ళని కలుసుకుంటాడు. షికాగోలో 1946 నుంచి జరుగుతున్న మిడ్‌వెస్ట్ క్లినిక్ అనే డిసెంబరు సమావేశం అటువంటి వాటిలో పేరుపడ్డది.

మనకి విద్వాంసులకి లోటు లేదు. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి అధ్యక్షులు; తరవాత ఆ పదవిలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు కూర్చున్నారు. అటువంటి చోట తయారైనవాళ్ళు కచేరీలు చేశారు, శిష్యుల్ని దిద్దారు. నలభైమంది పిల్లలున్న క్లాసుని దిద్దే మేష్టరుకి వెన్నుదన్నుగా నిలబడే మనిషిని తయారుచెయ్యడం మాత్రం వేరే విద్య. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక కళలకి పదో తరగతి వరకు చోటివ్వాలన్నది. 2020 విద్యావిధానమూ సంగీతాది కళలని చదువులో కలపమన్నది. కాగితం మీద యింత వున్నా, కాగితం తనంతట తాను పాడలేదు.

కనుక యీసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల సంగతి అయ్యాక మరి రెండు ప్రశ్నలు అడగండి. యీ యేడాది సంగీతం పీరియడ్లు యెన్ని జరిగాయి? ఆ మేష్టరుగారు తనవంటివాళ్ళని కలుసుకుని కొత్త సంగతి నేర్చుకోవడానికి బడివారు యెన్ని రోజులు సెలవిచ్చారు? జవాబు రాకపోయినా ఫరవాలేదు. నలుగురు అమ్మలు అడిగితే వచ్చే యేటి టైంటేబిలు వేసేటప్పుడు హెడ్మాష్టరుగారి కలం ఆ పీరియడు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.