యాప్ క్రాష్ అయితే తప్పు ఫోన్‌దేనా? ముందు డేటాబేస్ డ్రైవర్‌ని అడగాలి

ప్లే స్టోర్‌లో ఏ యాప్ రివ్యూలు చూసినా ఒక కంప్లయింట్ తరచూ కనిపిస్తుంది. కొత్త ఫోన్‌లో బాగా నడుస్తున్న యాప్, ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో మాత్రం డేటా లోడ్ అవుతుండగానే క్లోజ్ అయిపోతుంది. ర్యామ్ చాలట్లేదనో, ప్రాసెసర్ పాతదైపోయిందనో మనమే సర్దిచెప్పుకుంటాం. కొందరైతే ఏకంగా కొత్త ఫోన్ కొనేస్తారు. కానీ ఇలాంటి క్రాష్‌లలో కొన్నింటికి ర్యామ్‌తో సంబంధమే లేదు. యాప్ రాసినవాళ్లు డేటాబేస్‌ని ఒక చిన్న ప్రశ్న అడగకపోవడమే అసలు కారణం.

ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఉంటుంది. మీ చాట్‌లు, నోట్స్, ఖాతా లెక్కలు చాలావరకు అందులోనే సేవ్ అవుతాయి. యాప్‌కీ దానికీ మధ్య ఉండే సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. చిక్కేంటంటే, అన్ని ఫోన్లలో ఒకే ఎస్‌క్యూలైట్ ఉండదు. ఆండ్రాయిడ్ 10తో వచ్చేది 3.22, ఆండ్రాయిడ్ 11తో 3.28, ఆండ్రాయిడ్ 12తో 3.32. పైగా ఫోన్ కంపెనీలు వేరే వెర్షన్ పెట్టే అవకాశం కూడా ఉందని ఆండ్రాయిడ్ డాక్యుమెంటేషనే చెబుతోంది.

వెర్షన్ మారితే ఏమవుతుంది? ఒక కిరాణా షాపు ఖాతా యాప్ అనుకోండి. 1200 మంది కస్టమర్ల వివరాలు ఒకే క్వెరీలో తీసుకురావాలి. ఎస్‌క్యూలైట్ 3.32కి ముందు, డిఫాల్ట్‌గా ఒక క్వెరీలో 999 విలువలకు మించి పంపడానికి వీల్లేదు. 3.32 నుంచి ఆ లిమిట్ 32,766 అయింది. అంటే అదే యాప్, అదే డేటా ఆండ్రాయిడ్ 12లో హాయిగా నడుస్తుంది, ఆండ్రాయిడ్ 11లో ఎర్రర్ కొడుతుంది. షాపులో 900 మంది కస్టమర్లు ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ ఉండదు. వెయ్యి దాటిన రోజు ఖాతా తెరుచుకోదు. ర్యామ్ 4 జీబీ ఉన్నా 12 జీబీ ఉన్నా ఫలితం ఒకటే.

లిమిట్లే కాదు, ఫీచర్ల సంగతీ అంతే. రికార్డు ఉంటే అప్‌డేట్ చెయ్, లేకపోతే కొత్తది చేర్చు అనే అప్‌సర్ట్ ఫీచర్ 3.24లో వచ్చింది. ఆండ్రాయిడ్ 10లో ఉండే 3.22కి ఆ కమాండ్ అసలు అర్థమే కాదు.

కెమెరా విషయంలో ఈ గొడవ తక్కువ. కెమెరా2 ఏపీఐ వాడే యాప్, నీ హార్డ్‌వేర్ లెవెల్ ఎంత, ఏ సైజులు ఇవ్వగలవు అని ఫోన్‌ని ముందే అడగగలదు. లెగసీ, లిమిటెడ్, ఫుల్ అంటూ జవాబు వస్తుంది. కెమెరా దగ్గర అడిగే ఈ మర్యాద డేటాబేస్ దగ్గర చాలామంది పాటించరు. తమ టెస్ట్ ఫోన్‌లో నడిస్తే అందరి ఫోన్లలో నడుస్తుందనుకుంటారు.

ఇలా అడగడం కొత్తేమీ కాదు. 1992లో వచ్చిన ఓడీబీసీలోనే దీనికి ఎస్‌క్యూఎల్‌గెట్‌ఇన్ఫో అనే ఫంక్షన్ ఉంది. జావాలో జేడీబీసీ వాడేవాళ్లకి డేటాబేస్‌మెటాడేటా ఉంది. ట్రాన్సాక్షన్లు సపోర్ట్ చేస్తావా, కాలమ్ పేరు ఎంత పొడవు ఉండొచ్చు, ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఇస్తావు... అన్నీ అడగొచ్చు. ఆండ్రాయిడ్ మామూలు ఏపీఐలో ఇంత వివరంగా అడిగే సౌకర్యం లేదు. ఎస్‌క్యూలైట్‌కి సొంతంగా లిమిట్ చెప్పే ఫంక్షన్ ఉన్నా, దాన్ని యాప్‌లకి నేరుగా ఇవ్వలేదు. కనీసం వెర్షన్ ఎంత అని ఒక్క లైన్ క్వెరీతో తెలుసుకోవచ్చు. ఆండ్రాయిడ్ వెర్షన్ చూసి ఊహించడం కంటే అది ఎంతో నయం.

అయితే డ్రైవర్ చెప్పిందల్లా గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. జేడీబీసీలో గరిష్ఠంగా ఎన్ని అని అడిగితే ఒక్కోసారి 0 వస్తుంది. దానర్థం లిమిట్ లేదని కావచ్చు, ఎంతో తెలియదని కూడా కావచ్చు. ఓడీబీసీలోనూ ఇదే తీరు. తెలియదు అన్నదాన్ని ఎంతైనా పర్లేదు అని చదువుకుంటే కొంప మునిగినట్టే.

ఇంకోటి, డ్రైవర్ తన సంగతే చెబుతుంది, పైనున్న పొరల సంగతి చెప్పదు. ఎస్‌క్యూలైట్ డిఫాల్ట్‌గా ఒక వరుసలో 100 కోట్ల బైట్ల వరకు దాచుకోగలదు. కానీ ఆండ్రాయిడ్ దాన్ని యాప్‌కి అందించే కర్సర్‌విండో సైజు మామూలుగా 2 ఎంబీ. ఇది మన భాషలో రాసేవాళ్లకి ఇంకా ముఖ్యం. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్ చాలు, తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి 3 బైట్లు కావాలి. 'కి' అనే అక్షరంలో అలాంటి గుర్తులు రెండు, అంటే 6 బైట్లు. పెద్ద నోట్ మొత్తాన్ని ఒకే వరుసలో పెట్టే యాప్‌లో తెలుగు నోట్ చాలా ముందే ఆ గోడకి తగులుతుంది.

సొంత ఎస్‌క్యూలైట్‌ని యాప్‌తోపాటే ఇచ్చేస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. నిజమే, గూగుల్ వాళ్ల రూమ్ లైబ్రరీతో ఇప్పుడు బండిల్డ్ డ్రైవర్ వాడుకోవచ్చు. అన్ని ఫోన్లలో ఒకే వెర్షన్ ఉంటుంది. కానీ యాప్ సైజు పెరుగుతుంది, సెక్యూరిటీ అప్‌డేట్ల బాధ్యత కూడా యాప్ వాళ్ల నెత్తినే పడుతుంది. అది కుదరకపోతే ఇంకా తేలిక దారి ఉంది: 1200 విలువల్ని 500 చొప్పున ముక్కలు చేసి పంపడం. రాసేది నాలుగు లైన్ల కోడ్.

ఆ నాలుగు లైన్లు రాయనందుకు వాడేవాళ్లు వేలకి వేలు పోసి ఫోన్ మార్చడం న్యాయం కాదు. అందుకే ఈసారి యాప్ క్రాష్ అయితే రివ్యూలో "పనిచేయట్లేదు" అని వదిలేయకండి. మీ ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ పని చేస్తుంటే ఆగిపోయింది, యాప్‌లో డేటా ఎంత ఉంది, ఈ మూడూ రాయండి. డెవలపర్‌కి అసలు కారణం దొరకడానికి అవే ఆధారం. డేటా కొంచెం ఉన్నప్పుడు నడిచి, పెరిగాక ఆగిపోతోందంటే, ఫోన్ షోరూమ్‌కి వెళ్లేముందు ఒకసారి యాప్ వాళ్లనే నిలదీయండి.