పద్దెనిమిది నిండితే తండ్రి బాధ్యత తీరదు

అనంతపురం జిల్లాలో కోర్టు ఆవరణలోనైనా, ఊరి కట్టమీదైనా మనోవర్తి మాట వచ్చినప్పుడు తీర్పు అందరి నోటా సిద్ధంగా ఉంటుంది: బిడ్డకు పద్దెనిమిది నిండాయి, ఇక తండ్రికి సంబంధం లేదు. వేరుపడిన తండ్రులు నమ్మేది ఇదే. పెద్దమనుషులు చెప్పేది ఇదే. తల్లులు సైతం చివరికి దీనికే తలవంచుతున్నారు. ఈ మాటలో చట్టం సగమే ఉంది, న్యాయం అసలు లేదు. బిడ్డను పోషించే బాధ్యతకు కొలత వయసు కాదు, బిడ్డ తన కాళ్లమీద తాను నిలబడగలగడమే. ఆ కొలతను మన చట్టం ఒకప్పుడు గుర్తించింది, మళ్లీ గుర్తించాలి.

పద్దెనిమిదేళ్ల గీత అనాదిగా వస్తున్న ధర్మమేమీ కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ తండ్రి బాధ్యతను చెబుతూ ‘తనను తాను పోషించుకోలేని బిడ్డ’ అన్నది, వయసు ఊసెత్తలేదు. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ 125వ సెక్షన్‌లో ‘మైనర్’ అనే షరతు చేరింది. మేజరైన బిడ్డకు శారీరక, మానసిక వైకల్యమో గాయమో ఉంటే తప్ప ఆ సెక్షన్ కింద భరణం రాకుండా పోయింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ దాన్నే కొనసాగించింది. అంటే పరాయి పాలకులు రాసిన చట్టంలో బిడ్డకున్న వెసులుబాటును స్వతంత్ర భారతం కుదించింది.

ఇప్పటికీ దారులన్నీ మూసుకుపోలేదు. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, సొంత సంపాదనతో గానీ ఆస్తితో గానీ బతకలేని పెళ్లికాని కూతురిని పోషించాల్సిందే. ఆ చట్టం దృష్టిలో భరణమంటే తిండి, బట్ట, వసతి, వైద్యంతో పాటు చదువు కూడా. 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు, మేజరైన కూతురికి 125వ సెక్షన్ వర్తించదంటూనే ఈ హక్కును స్పష్టంగా నిలబెట్టింది. ముస్లిం ధర్మశాస్త్రంలోనూ కూతురి పోషణ పెళ్లయ్యేదాకా తండ్రిదే అని 1997లో నూర్ సబా ఖాతూన్ తీర్పు గుర్తుచేసింది. కొడుకుకే స్పష్టమైన ఆధారం లేదు. 2021లో ఢిల్లీ హైకోర్టు, కొడుకు డిగ్రీ పూర్తయ్యేవరకో, సంపాదన మొదలయ్యేవరకో అతని ఖర్చుల నిమిత్తం తల్లికి నెలకు 15,000 రూపాయలు ఇవ్వాలని తండ్రిని ఆదేశించింది. పద్దెనిమిదేళ్లతో బాధ్యత ముగియదన్న ఆ మాట మన కోర్టులకు దారి చూపగలదే గానీ, వాటిని కట్టుబరచలేదు.

ఈ గీత అన్నిచోట్లా ఒకేలా కోయదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన, వేరుశెనగ మీద బతికే ఎర్రనేలలు: ఇదీ అనంతపురం. పద్దెనిమిదేళ్ల పిల్లకు గానీ పిల్లవాడికి గానీ ఈ నేల ఏ బతుకూ చేతిలో పెట్టదు. పెట్టగలిగితే చదువే పెట్టాలి. ఆ వయసుకు సరిగ్గా ఇంటర్ ముగుస్తుంది. డిగ్రీకి, ఇంజనీరింగ్‌కు, నర్సింగ్‌కు డబ్బు కావలసిన వేళకే మనోవర్తి ఆగిపోతుంది. కూలి డబ్బుతో ఒంటరిగా నెట్టుకొచ్చిన తల్లికి ఇక మిగిలేవి రెండే దారులు: కూతురికి తొందరపడి పెళ్లి చేయడం, కొడుకును బెంగళూరు పనులకు పంపడం. చట్టం అతన్ని పెద్దవాణ్ణి చేసింది, చదువు మాత్రం మధ్యలోనే తెగింది.

తండ్రే అప్పుల్లో ఉన్న రైతు కదా, ఎక్కడ తెస్తాడని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ భరణ చట్టం మొదటి షరతే తగిన స్థోమత. పంట పోతే, పరిస్థితి మారితే మొత్తాన్ని తగ్గించమని కోర్టును కోరవచ్చు. లేనివాడి దగ్గర గుంజమని ఎవరూ అనడం లేదు, ఉన్నవాడు తప్పించుకోకూడదనే అంటున్నాం. తల్లికీ సంపాదన ఉంటే ఆమె వాటా ఆమె భరించాలి. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తోందిగా అన్నది ఇంకో అభ్యంతరం. అది కాలేజీ ఫీజుకు. మెస్సు, బస్సు, పుస్తకాల ఖర్చు అలాగే మిగులుతుంది. బకాయిలు పడటం కొత్తా కాదు. పైగా ప్రజల సొమ్ము తండ్రి బాధ్యతకు బదులు కాజాలదు. డబ్బొస్తే సోమరులవుతారన్న భయానికీ మందుంది: చదువు సాగుతున్నంతవరకే, ఒక వయసు పరిమితికి లోబడే ఇవ్వమని చట్టంలో రాయవచ్చు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఈ బాధ్యత 21 ఏళ్లదాకా ఉంది. ఇటలీలో స్వయంపోషణ సాధించని మేజరు బిడ్డకూ భరణం ఇప్పిస్తారు.

పద్దెనిమిదికి ఓటుంది కాబట్టి పెద్దవాడే అన్న వాదన మరీ బలహీనం. అదే చట్టవ్యవస్థ 21 నిండకుండా అబ్బాయి పెళ్లి చేసుకోరాదంటోంది. ఓటు వేయడానికి వివేకం చాలు, బతకడానికి సంపాదన కావాలి. పైగా తగిన స్థోమత వచ్చిన కొడుకు, కూతురు ముసలి తల్లిదండ్రులను పోషించాలని అదే 144వ సెక్షన్ శాసిస్తోంది. రేపు తనను పోషించమని బిడ్డను అడిగే హక్కు తండ్రికి ఉన్నప్పుడు, ఆ స్థోమత సంపాదించుకునే చదువుకు నేడు తోడ్పడే బాధ్యతా అతనిదే. అందుకే పార్లమెంటు 144వ సెక్షన్‌ను సవరించి, చదువుకుంటున్న మేజరు బిడ్డను, కొడుకైనా కూతురైనా, అందులో చేర్చాలి. ఆలోగా తల్లులు, కూతుళ్లు పద్దెనిమిది నిండిందని ఊరుకోకూడదు. కూతురికి చట్టం ఇచ్చిన హక్కును ఫ్యామిలీ కోర్టులో అడిగి తీసుకోవాలి.