గనుల నేలపై సాహస విహారం: భద్రతకే ప్రథమ స్థానం

మంచిర్యాల జిల్లా మందమర్రి పేరు వినగానే కల్యాణిఖని గనులు స్ఫురించడం సహజం. అయితే మండలంలోని బొక్కలగుట్ట సమీపాన అడవి నడుమ వెలసిన గాంధారి ఖిల్లా కూడా ఈ నేల చరిత్రలో భాగమే. ఖిల్లాకు చేరే కచ్చాబాట జీపు సాహసికులను ఆకర్షించడంలో ఆశ్చర్యం లేదు.

1889లో ఇల్లందు ప్రాంతంలో ఆరంభమైన బొగ్గు తవ్వకానికి శతాబ్దానికి మించిన వారసత్వం ఉంది. 2022 డిసెంబరులో ఆర్టీసీ ప్రారంభించిన 'సింగరేణి దర్శన్' బస్సు యాత్ర, గని కూడా చూడదగిన స్థలమేనని చాటింది. అది సంస్థ అనుమతితో సాగిన సందర్శన. సొంత వాహనంతో మట్టిదిబ్బలెక్కడం వేరు. ఉపరితల గనుల దిబ్బలు వానకు జారవచ్చు. బొగ్గు తీసిన భూగర్భ గనులపై నేల కుంగవచ్చు. పైన పచ్చదనం ఉన్నంత మాత్రాన అడుగు గట్టిదని భావించరాదు.

ఖిల్లా నాయకపోడు గిరిజనుల గాంధారి మైసమ్మ జాతరకు నెలవు. చక్రాలు కోసిన బాట వర్షాకాలంలో వాగవుతుంది. ఆ నష్టం కాలినడకన వచ్చే భక్తులదే.

కావున అటవీ శాఖ, సింగరేణి కలిసి సురక్షిత బాటను గుర్తించి, హద్దురాళ్లు నాటి, స్థానిక యువతకు మార్గదర్శకులుగా శిక్షణ ఇస్తే ఉపాధి, వారసత్వం రెండూ నిలుస్తాయి. అంతవరకు అనుమతి లేని బాటలో వాహనం దింపకపోవడమే విజ్ఞత.